ఐదు స్వరాలు, ఐదు ఆధారాలు: మేము ఇంట్లో చేసుకున్న పాట

స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాల మోహన రాగం పాడుతూ పాడుతూ ‘స’ను వదిలేసి ‘రి’ని ఆధార స్వరం చేసుకుంటే మధ్యమావతి రాగం వినిపిస్తుంది. ‘గ’ను ఆధారం చేసుకుంటే హిందోళం, ‘ప’ను చేసుకుంటే శుద్ధ సావేరి, ‘ద’ను చేసుకుంటే ఉదయరవిచంద్రిక. స్వరాలు అవే ఐదు. కొత్తగా ఒక్కటీ చేరదు, ఉన్నదాంట్లో ఒక్కటీ పోదు. మనం ఎక్కడ నిలబడి వింటున్నామన్నదే మారుతుంది. సంగీతం నేర్చుకున్నవారికి ఇది కొత్త సంగతి కాదు, దీన్నే గ్రహభేదం అంటారు. విద్వాంసులు ఆలాపన మధ్యలో కాసేపు ఆ మెరుపు చూపించి, వెంటనే అసలు షడ్జానికి, అంటే మొదటి ‘స’కు, తిరిగి వచ్చేస్తారు.

నాకు మాత్రం ఆ మెరుపు దగ్గరే ఉండిపోవాలని ఎప్పుడూ అనిపించేది. ఒక్కో ఆధారం మీద ఒక పూర్తి చరణం నిలబెట్టి, అన్నిటినీ ఒకే పాటలో కడితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన నన్ను చాలాకాలం పట్టుకుని వదల్లేదు. ఏ కథ చెబితే ఈ నిర్మాణానికి న్యాయం జరుగుతుందో తెలియక ఊరుకున్నాను. ఒకరోజు ఉన్నట్టుండి కథ దొరికింది. ఇల్లు విడిచి దూరంగా వెళుతున్న ఒక అమ్మాయి. ఆ ఉదయాన్ని ఆమె చూసినట్టు తండ్రి చూడడు, తండ్రి చూసినట్టు తల్లి చూడదు. తమ్ముడిది ఇంకో చూపు. చివరికి ఆ ఇంటికి కూడా ఒక చూపు ఉంటుంది. జరిగింది ఒకటే, ఆధారాలు ఐదు. మోహనంలోని పల్లవి అమ్మాయిది. మధ్యమావతి తండ్రిది, హిందోళం తల్లిది, శుద్ధ సావేరి తమ్ముడిది, ఉదయరవిచంద్రిక ఇంటిది.

మేము మొత్తం ఐదుగురం. మేమంతా అక్క అని పిలిచే గాయని, బరువైన గొంతున్న ఒక పాత స్నేహితుడు, వయొలిన్ వాయించే మిత్రురాలు, మృదంగం మిత్రుడు, నేను. సాహిత్యం, బాణీ, రికార్డింగ్ నా వంతు. అక్క పాడేది ఐదు శ్రుతిలో, అంటే హార్మోనియం మీద ఐదో తెల్లమెట్టును ‘స’గా పెట్టుకుని. అక్కడ మొదలుపెడితే ‘రి’ ఆరు శ్రుతి, ‘గ’ ఏడు, ‘ప’ రెండు, ‘ద’ మూడు అవుతాయి. రెండు శ్రుతి మా మిత్రుడి సొంత శ్రుతి కాబట్టి తమ్ముడి చరణం అతని గొంతులో హాయిగా కూర్చుంది. తండ్రి చరణం అతను మంద్రంలో, ఆరు శ్రుతిని కింది స్థాయిలో పట్టుకుని పాడాలి. అది కష్టం. కానీ ఆ కష్టమే తండ్రి గొంతులా వినిపించింది. ఇది మేము కోరి తెచ్చుకున్నది కాదు, లెక్క దానంతట అదే ఇచ్చింది.

పల్లవి చివర ‘వెళ్లి వస్తాను’ అని రాశాను. మన భాషలో వెళుతున్నవాళ్లు వెళుతున్నానని అనరు. తిరిగి రావడాన్ని కూడా ఆ మాటలోనే కట్టి ఇస్తారు. పాటంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. పల్లవి వచ్చిన ప్రతిసారీ ఆ చివరి మాట వేరే స్వరం మీద ఆగుతుంది. మొదటిసారి ‘రి’ మీద, తర్వాత ‘గ’ మీద, ఆపైన ‘ప’, ‘ద’. ఆగిన స్వరమే తర్వాతి చరణానికి షడ్జం అవుతుంది. అయితే ‘ను’ అనే అక్షరం మీద పది సెకన్ల పాటు గొంతు నిలపడం సాధ్యం కాదు. నోరు మూసుకుపోతుంది, నాదం సన్నబడుతుంది. అక్క రెండుసార్లు పాడి, “ఇది ‘వెళ్లి వస్తా’ అని ఉంటే నేను ఎంతసేపైనా నిలుపుతాను” అన్నది. ఒక్క అక్షరం తీసేస్తే గొంతు ‘ఆ’ అనే అచ్చు మీద తెరుచుకుంది.

తల్లి చరణం నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది. అది మిశ్రచాపు తాళంలో ఉంది. మూడు, నాలుగు కలిపి ఏడు. ముత్యాల సరం అనే ఛందస్సు నడక కూడా అదే కాబట్టి మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు) లెక్కపెట్టుకుంటూ రాయడం మొదలుపెట్టాను. మొదటి పాదం ఇలా వచ్చింది: ‘తలుపు తెరిచి ఉంచినానే’. అర్థం బాగుంది, మాట సహజంగా ఉంది. కానీ పాడితే కుంటుతోంది. అక్క ప్రతిసారీ ‘తెరిచీ’ అని సాగదీస్తోంది. నేను సాగదీయవద్దంటున్నాను. చివరికి కాగితం మీద వేళ్లు పెట్టి లెక్కిస్తే తెలిసింది. ‘తలుపు’ మూడు మాత్రలు, ‘తెరిచి’ కూడా మూడే. అక్కడ నాలుగు ఉండాలి. అక్క గొంతు ఆ లోటును తనకు తెలియకుండానే పూడ్చుకుంటోంది. తప్పు ఆమెది కాదు, నాది. ‘తెరిచి’ తీసి ‘తీసే’ పెట్టాను.

తలుపు తీసే ఉంచినానే
అడుగు చప్పుడు వినకపోయిన

మూడు, నాలుగు, మూడు, నాలుగు. పైగా ‘తీసే’లోని ఆ చివరి ‘ఏ’ అర్థానికి కూడా ఏదో ఇచ్చింది. తెరిచి ఉంచడం ఒక్కసారి చేసే పని. తీసే ఉంచడం అంటే ఎవరేమన్నా మూయకుండా ఉండడం. మాత్ర కోసం వెతికితే తల్లి దొరికింది. ఆ రోజు నుంచి ఛందస్సు రచయితకు సంకెల అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

సాహిత్యం, బాణీ సిద్ధమయ్యాక ఫోనులో ఒక నమూనా రికార్డు చేసుకుని విన్నాం. మనసు చివుక్కుమంది. ఆధారం మారనే లేదు. హిందోళం చరణం హిందోళంలా కాక, మోహనంలోనే ఎవరో దారితప్పి తిరుగుతున్నట్టు వినిపించింది. పాడేవాళ్ల మనసులో షడ్జం మారింది, వినేవాళ్ల చెవిలో మారలేదు.

కారణాలు రెండు. మొదటిది, పాట కింద ఆగకుండా ఆధారాన్ని మోగించే తంబురా. ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారేటప్పుడు పాతది మెల్లగా తగ్గుతూ, కొత్తది మెల్లగా పెరిగేలా ఎనిమిది సెకన్లు కలిపాను. వినడానికి మెత్తగా ఉంటుందనుకున్నాను. ఆ ఎనిమిది సెకన్లలో రెండు షడ్జాలు, రెండు పంచమాలు (‘ప’లు) ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే చెవి అప్పటికే అలవాటైన పాత షడ్జాన్నే గట్టిగా పట్టుకుంటోంది. రెండో కారణాన్ని మృదంగం మిత్రుడే పట్టుకున్నాడు. “నా కుడిచేయి ఇంకా ఐదు శ్రుతిలోనే ఉంది కదా!” అన్నాడు. నిజమే. మృదంగం కుడివైపు అక్క షడ్జానికి శ్రుతి చేసి ఉంది. ఆ నాదం మధ్యమావతిలో నిషాదం (‘ని’), హిందోళంలో ధైవతం (‘ద’), శుద్ధ సావేరిలో మధ్యమం (‘మ’). ఎక్కడా అపస్వరం కాదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ప్రతి దెబ్బకూ అది పాత ఆధారాన్ని గుర్తుచేస్తూనే ఉంది.

రాయితో తట్టి శ్రుతి పెంచుకుందామంటే మృదంగం అంత దూరం సాగదు. అందుకని తండ్రి, తల్లి చరణాలకు అతను చిన్న డప్పు లాంటి కంజీర తీసుకున్నాడు. దానికి స్థిరమైన శ్రుతి ఉండదు, ఎవరి షడ్జంతోనూ పేచీ పెట్టుకోదు. తమ్ముడి చరణానికి, పురుష గాయకులకు వాయించేటప్పుడు వాడే తన పెద్ద మృదంగాన్ని రెండు శ్రుతికి సరిచేసుకున్నాడు. ఇంటి చరణానికి తాళవాద్యమే వద్దనుకున్నాం.

తంబురా సంగతి తేలడానికి మూడు వారాలు పట్టింది. కలిపే సమయాన్ని నాలుగు సెకన్లు చేశాం, రెండు చేశాం. ఒక్కసారిగా మార్చి చూశాం, అది చెంపదెబ్బలా తగిలింది. ఒక సాయంత్రం అక్క ‘వస్తా’ అని పట్టి ఉండగా నా చేయి తగిలి ఫోనులో తంబురా ఆగిపోయింది. ఆమె ఆపలేదు. గదిలో ఆ ఒక్క స్వరమే ఉంది, కింద ఏ ఆధారమూ లేదు. నాలుగైదు సెకన్లు గడిచేసరికి నా చెవికి అది ‘గ’ అన్న సంగతి జారిపోయింది. అది ఏదో ఒక స్వరం, అంతే. సరిగ్గా అప్పుడు ఏడు శ్రుతి తంబురా మోగిస్తే అది షడ్జమై కూర్చుంది.

అలా పరిష్కారం దొరికింది. మార్పు దగ్గర తంబురా ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేంతసేపు, పూర్తిగా ఆగాలి. మా లయ నిమిషానికి 72 అక్షరాలు (తాళం లెక్కలు) కాబట్టి ఎనిమిది అక్షరాల ఆది తాళంలో ఒక ఆవర్తనం ఆరున్నర సెకన్లకు కాస్త ఎక్కువ. అంతసేపు గొంతు ఒంటరిగా ఉంటుంది. చెవి పాత ఇంటిని మరచిపోవడానికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి. ఇంకొక చిన్న మాట. హిందోళంలో పంచమం లేదు కాబట్టి ఆ చరణంలో తంబురాను పంచమానికి కాక మధ్యమానికి పెట్టాం.

అంతా బాగుందనుకున్నాక ఇంకొకటి బయటపడింది. ‘గ’ దగ్గర, ‘ద’ దగ్గర కొత్త తంబురా వచ్చిన క్షణంలో ఒక వణుకు వినిపిస్తోంది. రెండు నాదాలు దాదాపు ఒకటే అయినా ఒకటి కానప్పుడు వచ్చే అలల చప్పుడు. ‘రి’, ‘ప’ దగ్గర అది లేదు. అక్క అపశ్రుతి పలుకుతోందేమోనని నేను అనుమానించాను. ఆ అనుమానానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆమె పాడిందే సరైన గాంధారం (‘గ’). తంబురా షడ్జంతో పూర్తిగా లీనమయ్యే అంతర గాంధారం, అంటే మోహనంలోని ‘గ’, దానితో 5:4 కంపనాల నిష్పత్తిలో ఉంటుంది. ఒక అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా కొలిస్తే అది షడ్జానికి 386 సెంట్ల పైన. ఫోనులోని ఏడు శ్రుతి మాత్రం హార్మోనియం మెట్ల లెక్కలో సరిగ్గా 400 దగ్గర ఉంది. తేడా 14 సెంట్లు. ధైవతం 884 దగ్గర ఉండాలి, ఫోను 900 ఇస్తోంది. తేడా 16. ‘రి’కి తేడా నాలుగు, ‘ప’కి రెండే, అందుకే అవి మమ్మల్ని బాధపెట్టలేదు. ఏడు శ్రుతిని 14 సెంట్లు, మూడు శ్రుతిని 16 సెంట్లు దించాను. అక్క మళ్లీ ‘వస్తా’ అని పట్టింది. తంబురా వచ్చింది. వచ్చినట్టే తెలియలేదు. ఆమె గొంతే కిందికి వేళ్లూనినట్టుగా ఉంది.

గొంతులను సరిచేసే సాఫ్ట్‌వేరును మేము ముట్టుకోకపోవడానికి కారణం ఇదే. మామూలుగా అది స్వరాలను ఆ వంద సెంట్ల మెట్ల మీదికే లాగుతుంది. అలా లాగితే గమకాలు, అంటే స్వరాన్ని ఊపే కదలికలు, పోతాయి, అక్క సహజంగా పట్టిన ఆ గాంధారమూ పోతుంది.

వయొలిన్ మిత్రురాలి కష్టం వేరు. ఆమె వాద్యం ఐదు శ్రుతికి కట్టి ఉంది. హిందోళం చరణంలో దాని తెరిచిన తీగలు, అంటే వేలు పెట్టకుండా మోగే తీగలు, గాంధారం, ధైవతం అవుతాయి. ఆ రాగంలో ఆ రెంటికీ కదలిక కావాలి, తెరిచిన తీగ కదలదు. “ఒక్క తీగను కూడా వదిలి వాయించే వీలు లేదు. ఎడమచేతికి హిందోళం మళ్లీ మొదటినుంచి నేర్పాలి” అన్నది. పదిహేను రోజులు సాధన చేసి వచ్చింది. ఆమె వేళ్ల కొసలు ఎర్రగా కందిపోయి ఉండటం నేను చూశాను.

రికార్డింగుకు పడకగదిని ఎంచుకున్నాం. ఫ్యాను ఆపి, రాత్రి పొద్దుపోయాక, బట్టలతో నిండిన బీరువా తలుపులు బార్లా తెరిచి, అక్క వెనుక రెండు దుప్పట్లు వేలాడదీశాం. మైకు ముందు నుంచి వచ్చేదాన్ని బాగా పట్టుకుంటుంది కాబట్టి గాయని వెనుక గోడను మెత్తగా చేయడం ముఖ్యం. మైకుకు, నోటికి మధ్య జానెడు దూరం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాను. దుప్పట్లు పై స్థాయి ప్రతిధ్వనినే తాగుతాయి, మంద్రాన్ని ఏమీ చేయలేవు. మా గోడల మధ్య దూరం 3 మీటర్లు. అలాంటి గది 57 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను గుమ్మంటుంది. పెద్ద మృదంగం ఎడమవైపు మోగినప్పుడల్లా ఆ గుమ్మనడం వినిపిస్తుంటే, అతన్ని గోడ మూల నుంచి లేపి గది లోపలికి జరిపాం. చాలావరకు తగ్గింది.

మొదటి రాత్రి అక్కకు తన గొంతు హెడ్‌ఫోన్లలో ఆలస్యంగా వినిపించింది. కంప్యూటర్ బఫర్‌ను, అంటే శబ్దాన్ని కాస్త పోగుచేసి పంపే నిల్వను, 1024 శాంపిళ్ల దగ్గర వదిలేశాను. అంటే వెళ్లే దారిలోనే 21 మిల్లీసెకన్లు. 128కి దించితే మూడు మిల్లీసెకన్ల లోపుకు వచ్చింది. అది ఐదు నిమిషాల పని.

ఐదు నిమిషాల్లో తేలనిది క్లిక్ చప్పుడు. లయ తప్పకుండా హెడ్‌ఫోన్లలో టిక్కుమని కొట్టే ఆ శబ్దం పాట మధ్యలో ఎవరికీ వినిపించదు. కానీ మేము అన్నీ ఆపేసి ఒక్క గొంతును మాత్రమే మిగిల్చిన ఆ ఆవర్తనంలో, హెడ్‌ఫోన్ల అంచుల నుంచి కారి మైకులోకి వెళ్లిన ఆ టిక్కు ఎనిమిదిసార్లు స్పష్టంగా ఉంది. అక్క ఆ రాత్రి అంతకుముందెన్నడూ పాడనంత గొప్పగా పాడింది. ఆ రికార్డింగు మాకు పనికిరాలేదు. ఆమెకు ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆమె కాసిని మంచినీళ్లు తాగి, “క్లిక్ తీసేయి. వీడిని నా ఎదురుగా కూర్చోబెట్టు” అన్నది. మృదంగం మిత్రుడు ఆమె ఎదుట నేల మీద కూర్చుని చప్పుడు లేకుండా, చేయి తొడకు తగలకుండా తాళం వేశాడు. వేళ్లు లెక్కపెడుతూ, చేయి తిప్పుతూ, ఎనిమిదో అక్షరం దగ్గర కొద్దిగా తల ఊపేవాడు. ఆమె అతని చేతినే చూస్తూ పాడింది. ఇప్పుడు పాటలో ఉన్నది ఆ రాత్రి పాడినవే, నాలుగు మార్పులూ.

ముగింపు గురించి మాత్రం మేము నిజంగానే తగువులాడుకున్నాం. స్వరాలన్నీ ఒకటే కాబట్టి చివర్లో ఐదు గొంతుకలనూ ఒకేసారి వినిపించాలన్నది నా పట్టుదల. తల్లి చరణం ఏడు అక్షరాల్లో, పల్లవి ఎనిమిదిలో నడుస్తాయి. రెండూ 56 అక్షరాలకు కలుస్తాయి. అంటే ఏడు ఆవర్తనాల ఆది తాళం, ఎనిమిది ఆవర్తనాల మిశ్రచాపు, సుమారు 47 సెకన్లు. లెక్క కుదిరింది. మరి ఆ 47 సెకన్లు తంబురా ఎవరి షడ్జంలో మోగాలి? అసలు వద్దన్నాడు మృదంగం మిత్రుడు. “శ్రుతి లేకుండా అందరూ కలిసి పాడితే అది పాట కాదు, సంత” అన్నది అక్క. అమ్మాయి షడ్జంలో పెడితే కథంతా ఆమెదే అయిపోతుంది, మిగతా నలుగురూ తోడు గొంతులైపోతారు. అప్పటిదాకా మాట్లాడని వయొలిన్ మిత్రురాలు, “ఇంటి శ్రుతిని ఎందుకు మార్చాలి? అందరూ వెళ్లిపోయినా ఇల్లు అక్కడే ఉంటుంది కదా!” అన్నది.

మూడు శ్రుతి తంబురాను అలాగే ఉంచి విన్నాం. చివరి ‘వెళ్లి వస్తా’ ఈసారి అమ్మాయి సొంత షడ్జం మీదే ఆగుతుంది. కానీ కింద మోగుతున్నది ఇంటి షడ్జం. ఆమె తన నేల మీద నిలబడ్డాననుకుంటుంది. ఇంటికి మాత్రం అది ‘సాధారణ గాంధారం’ అనే, అంతర గాంధారం కంటే ఒక మెట్టు కింది ‘గ’, ఇంకా ఎక్కడికో చేరాల్సిన స్వరం. 16 సెంట్లు దించిన ఆ తంబురాకు, ఆ షడ్జానికి మధ్య నిష్పత్తి సరిగ్గా 6:5 కావడంతో అవి ఎక్కడా ఒరుసుకోవు. హాయిగా కలిసిపోతూనే విడిగా ఉంటాయి. ఆ కలయిక విన్నాక తగువు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అక్కకు అది పాడటం మాత్రం సాధ్యం కాలేదు. సొంత షడ్జాన్ని పరాయి శ్రుతి మీద నిలపబోతే గొంతు దానంతట అదే పక్కకు జారుతోంది. అప్పుడు ఆమె హెడ్‌ఫోన్లలో ఐదు శ్రుతి తంబురానే ఇచ్చాను. ఆమె దాన్నే వింటూ, నిశ్చింతగా, తన ఇంట్లో తాను ఉన్నట్టు పాడింది. వినేవాళ్లకు ఆ తంబురా వినిపించదు. ఆ అమ్మాయికి మాత్రమే వినిపించే శ్రుతి అది.

మిక్సింగుకు నెల పట్టింది. గొంతులకు 80 హెర్ట్జ్ కింద కోత పెట్టాను. తండ్రి చరణానికి మాత్రం ఆ కోత వద్దనుకున్నాను, అక్కడి బరువు నాకు కావాలి. చిన్నా పెద్దా శబ్దాలను దగ్గరికి నొక్కి మొత్తాన్ని బిగ్గరగా చేయలేదు. అలా చేస్తే ఆ ఒంటరి ఆవర్తనాల్లో గది ఊపిరి కూడా గొంతుతో సమానంగా పైకి వస్తుంది. పాట నిడివి 11 నిమిషాల 40 సెకన్లు.

పూర్తయిన రాత్రి అదే గదిలో దీపం ఆర్పి ఐదుగురం విన్నాం. తల్లి చరణం మొదలయ్యాక మృదంగం మిత్రుడి చేయి చీకట్లో చాపు వేస్తున్న చప్పుడు వినిపించింది. ఈసారి ఆపాల్సిన అవసరం లేదు. ఇంటి తంబురా చివరికి సన్నబడి ఆగాక చాలాసేపు ఎవరూ లైటు వేయలేదు. తర్వాత వయొలిన్ మిత్రురాలు, “రెండో మార్పు తర్వాత నా వాయిద్యం కాస్త ముందుకు వచ్చింది. అది అక్క గొంతుకు వెనక ఉండాలి” అన్నది. నిజమే. కంప్యూటర్ తెరిచి అక్కడ ఒకటిన్నర డెసిబెల్ తగ్గించాను, మళ్లీ మొదటినుంచి పెట్టాం.